సేవా కమిటీ అంటే డిసెంబరులో దుప్పట్లేనా? హైదరాబాదు లూథరన్ సంఘాల వాళ్ళు చెప్పండి

కూకట్‌పల్లి కన్వీనర్ | శుక్రవారం, రాత్రి 10:12

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మాది కూకట్‌పల్లి వైపు ఒక ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) సంఘం. సొంత గుడి ఇంకా లేదు, స్కూలు హాల్లో ఆరాధన. ముప్పాతిక మంది గుంటూరు, తెనాలి, నరసరావుపేట, భీమవరం నుంచి ఉద్యోగాలకొచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళం.

మొన్న సంఘ మీటింగులో సేవా కమిటీ కన్వీనర్ అంటూ అయ్యగారు నా పేరు చదివేశారు. నన్ను అడిగిందీ లేదు, నేను ఒప్పుకున్నదీ లేదు. చప్పట్లు మాత్రం గట్టిగా కొట్టారు.

ఇన్నేళ్ళుగా మా సేవ అంటే ఒకటే. క్రిస్మస్ ముందు రాత్రి రెండు కార్లలో దుప్పట్లు వేసుకుని స్టేషన్ దగ్గర ఫుట్‌పాత్‌ల మీద పడుకున్నవాళ్ళకి కప్పి రావడం, ఫొటోలు గ్రూపులో పెట్టడం. ఆ తర్వాత మళ్ళీ డిసెంబరు దాకా కమిటీ ఊసుండదు. ఈసారి పెద్దలేమో దుప్పట్లే అంటున్నారు, యూత్ వాళ్ళు డబ్బు కీబోర్డుకి ఇవ్వమంటున్నారు, ఒకరిద్దరు ఆసుపత్రి పరిచర్య అంటున్నారు కానీ అక్కడికెళ్ళి ఏం చేస్తారో చెప్పమంటే బిక్కమొహం వేస్తున్నారు.

మీ సంఘాల్లో ఏడాది పొడుగునా నడిచే పని ఏదన్నా ఉందా? కన్వీనర్ ప్రాణం తీయకుండా నడిచేది అయితే మరీ మంచిది.


గుంటూరు మామ్మ | శుక్రవారం, రాత్రి 10:55

నాయనా, దుప్పటి ఇవ్వడం తప్పు పని కాదు. చలికి వణికేవాడి మీద కప్పితే వాడికి వెచ్చగానే ఉంటుంది, అందులో ఫొటో ఉందా లేదా అని దుప్పటికి తెలీదు. కుర్రవాళ్ళు దాన్ని మరీ తీసిపారేయక్కర్లేదు.

కానీ మా రోజుల్లో సేవకి కమిటీ లేదు, పిడికెడు బియ్యం ఉండేది. పొద్దున్న ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన చిన్న కుండలో వేసేవాళ్ళం. పూటకి పిడికెడు. నెలాఖరుకి స్త్రీల సమాజానికి ఎవరి బియ్యం వాళ్ళు తెచ్చి సోలతో కొలిచి గోనెసంచిలో పోస్తే, ఎవరింట్లో జ్వరం, ఎవరికి కూలి దొరకలేదు, ఎవరి మొగుడు పోయాడు అన్నది అక్కడే తేలిపోయేది. కొంత ఇళ్ళకి పోయేది, కొంత అమ్మి బైబిలు స్త్రీ (ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే ఆవిడ) జీతానికి జమ చేసేవాళ్ళం. మా అత్తగారు ఇంట్లో గింజలు లేని రోజున ఆ కుండ వంక చూసి కూడా చెయ్యి పెట్టేది కాదు. పిల్లలు ఏడిస్తే పక్కింట్లో బదులు తెచ్చేది.

ఇక్కడ మా కోడలు బియ్యం 26 కిలోల బస్తా ఫోన్లో తెప్పిస్తుంది. అయినా నేను ఒక స్టీలు డబ్బా పెట్టా. ఈ ఊరొచ్చాక మా అపార్ట్‌మెంటులో లూథరన్లు మేమొక్కళ్ళమే, ఆ డబ్బా వాచ్‌మన్ ఇంటికి పోతోంది. వాళ్ళు క్రైస్తవులు కారు. అన్నం ఉడకడానికి అదేం అడ్డం కాలేదు.


రాత్రి డ్యూటీ | శనివారం, ఉదయం 8:20

కన్వీనర్ గారూ, నేను నర్సుని. ఏ ఆసుపత్రో చెప్పను, పెద్ద సర్కారు ఆసుపత్రి అనుకోండి. క్రిస్మస్ వారంలో మా గేటు దగ్గరకి వరసగా సంఘాల బండ్లు వస్తాయి. మూడు దుప్పట్లు అందినవాళ్ళు రెండు అమ్ముకుని మందులు కొనుక్కున్నది కళ్ళారా చూశాను. వాళ్ళని తప్పు పట్టను. జనవరి రెండో వారం వచ్చేసరికి మాత్రం ఒక్కళ్ళు కనపడరు.

భోజనం గురించి కూడా చెప్తా. నగరంలో ఐదు రూపాయల భోజనం 2014 నుంచి ఉంది, పెద్ద ఆసుపత్రుల్లో రోగి వెంట ఉండేవాళ్ళకి ఐదు రూపాయలకే పెట్టడం 2022లో మొదలైంది. కాబట్టి పులిహోర పొట్లాలు అంత అత్యవసరం కాదు. అసలు కొరత ఎక్కడంటే:

రక్తం. ముఖ్యంగా ప్లేట్‌లెట్లు. మన సంఘాలన్నీ ఏడాదికోసారి రక్తదాన శిబిరం పెడతాయి, నలభై మంది ఒకే రోజు ఇస్తారు, కేక్ కట్ చేస్తారు. ఎర్ర రక్తకణాలు ఫ్రిజ్‌లో 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి, సరే. ప్లేట్‌లెట్లు 5 రోజులే ఉంటాయి. కీమో నడుస్తున్న పిల్లాడికి ప్లేట్‌లెట్లు పడిపోయేది మీ శిబిరం రోజు చూసుకుని కాదు. ఫిబ్రవరిలో ఒక మంగళవారం రాత్రి పడిపోతాయి. వాళ్ళ నాన్న ఆదిలాబాద్ నుంచి వచ్చి ఉంటాడు, ఈ ఊళ్ళో తెలిసినవాడు ఒక్కడుండడు. ఆ రాత్రి ఫోన్ ఎత్తే మనిషి కావాలి.

కాబట్టి శిబిరం మానేసి ఒక వరుస రాయండి. మామూలు రక్తదానం మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి ఇవ్వచ్చు. 18 నుంచి 65 ఏళ్ళు, 45 కిలోల పైన బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మెషిన్ మీద ప్లేట్‌లెట్లు మాత్రమే ఇచ్చేవాళ్ళకి 48 గంటలు గడిస్తే చాలు, మళ్ళీ ఇవ్వచ్చు, కానీ దానికి గంట, గంటన్నర కుర్చీలో కూర్చోవాలి, చేతి నరం బాగుండాలి. మీ సంఘంలో నలభై మంది ఉంటే, వారానికి ఇద్దరి పేర్లు రాసి, "ఈ వారం మీరు ఫోన్ దగ్గర ఉండండి" అని చెప్తే చాలు. డబ్బు ఖర్చు లేదు. బ్యానరూ అక్కర్లేదు.

రెండోది, తోడు. క్యాన్సర్‌కి చూపించుకోవడానికి రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. సర్కారు ఆసుపత్రికి జిల్లాల నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది ఒక్కళ్ళే తోడుతో వస్తారు. ఆ తోడు మనిషి ఓపీ చీటీ లైన్లో నిలబడితే రోగి దగ్గర ఎవరూ ఉండరు. స్కాన్ ఏ బిల్డింగులోనో, ఆరోగ్యశ్రీ కౌంటర్ ఎక్కడో, ఏ కాగితం జిరాక్స్ కావాలో తెలీదు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకి పెరిగింది, నిజమే, కాని రేషన్ కార్డు ఊళ్ళో పెట్టి వచ్చినవాడికి ఆ పది లక్షలు మూడు రోజులు దూరం. లైన్లో నిలబడగలిగిన రిటైర్డ్ మనిషి మీ సంఘంలో ఒకరున్నా చాలు. తెలుగు చదవడం, వినయంగా అడగడం వస్తే చాలు. ప్రార్థన చేస్తామంటూ వార్డుల్లోకి దూరిపోకండి. వాళ్ళు అడిగితే అప్పుడు చేయండి.


కృప మాత్రమే | శనివారం, ఉదయం 11:05

సిస్టర్ గారి మాటలు బాగున్నాయి. కానీ ఒక ప్రశ్న. మనం లూథరన్లం. క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్ల నీతిమంతులం అని 1517 నుంచి చెప్పుకొస్తున్నాం. సంఘం అంటే వాక్యం, సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభు భోజనం). ఆసుపత్రి లైన్లలో నిలబడటానికి స్వచ్ఛంద సంస్థలున్నాయి. ఇలా పోతే పదేళ్ళలో గుడి కాస్తా సోషల్ వర్క్ ఆఫీసు అవుతుంది. మా నాన్నగారి తరం సువార్త పత్రికలు పట్టుకుని పల్లెలు తిరిగింది, మనం ప్లేట్‌లెట్ల లిస్టులు రాసుకుంటున్నాం.


ట్యాంక్‌బండ్ విద్యార్థి | శనివారం, మధ్యాహ్నం 2:40

అన్నా, మీ భయం అర్థమైంది, కానీ ఆ విశ్వాసం మాట చెప్పిన మార్టిన్ లూథరే ఈ లిస్టులు కూడా రాయించాడు. నేను ఏసీటీసీలో చదువుతున్నా (ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత ఇక్కడ లోయర్ ట్యాంక్‌బండ్‌కి వచ్చింది), పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి ఇదంతా నోటి చివర ఉంది, భరించండి.

1523లో సాక్సనీలో లైస్నిగ్ అని ఒక చిన్న ఊరు. మఠాలకీ పూజలకీ పోయే డబ్బు ఇక పోదు, మరి ఆ ఆస్తులన్నీ ఏం చేయాలి అని సంఘం వాళ్ళు లూథర్‌ని అడిగారు. వాళ్ళు రాసుకున్న నియమావళికి లూథరే ముందుమాట రాసి అచ్చు వేయించాడు. దాని ప్రకారం గుళ్ళో ఒక ఉమ్మడి పెట్టె ఉండాలి. దానికి నాలుగు తాళాలు. ఒక తాళంచెవి పెద్ద కుటుంబాల వాళ్ళ దగ్గర, ఒకటి పట్టణ సభ దగ్గర, ఒకటి ఊళ్ళో జనం దగ్గర, ఒకటి చుట్టుపక్కల రైతుల దగ్గర. నలుగురూ వస్తే తప్ప మూత తెరుచుకోదు. పదిమందిని ఎన్నుకోవాలి, వాళ్ళు ప్రతి ఆదివారం కూర్చుని ఎవరికి ఏం కావాలో చూడాలి, లెక్కలు పుస్తకాల్లో రాసి సంఘం ముందు చదవాలి. ముసలివాళ్ళు, అనాథ పిల్లలు, పని లేక చితికిపోయిన చేతిపని వాళ్ళు, బడి, గుడి మరమ్మతు, అన్నీ ఆ పెట్టెలోంచే. ఇదీ అప్పటి సేవా కమిటీ! అన్నా, ఇది ఏ ఎన్జీవో వచ్చి నేర్పింది కాదు.

1527లో విట్టెన్‌బర్గ్‌కి ప్లేగు వచ్చింది. విశ్వవిద్యాలయాన్ని వేరే ఊరికి తరలించారు. లూథర్‌ని కూడా వెళ్ళిపొమ్మన్నారు, ఆయన కదల్లేదు. అప్పటికి భార్య గర్భిణి. వాళ్ళ ఇల్లే రోగుల గదులయింది. పారిపోవచ్చా అని అడిగిన పాస్టర్లకి ఆయన రాసిన జవాబులో మొండి ధైర్యం కూడా లేదు. మందులు వాడు, ఇల్లు ధూపం వెయ్యి, నీ అవసరం లేని చోటికి పోకు, కానీ పొరుగువాడికి నీ అవసరం ఉంటే మాత్రం వదిలి పోకు అంటాడు. కోవిడ్‌లో మా ఊళ్ళో ఎవరికీ ఇది గుర్తు రాలేదు, సగం మంది మొండికేశారు, సగం మంది తలుపులేసుకున్నారు.

మూడోది అందరికీ తెలిసిందే. కన్ఫర్మేషన్ క్లాసులో 1529 నాటి చిన్న కాటికిజం (లూథర్ రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం) బట్టీ పెట్టాం కదా. నరహత్య చేయకూడదన్న ఐదో ఆజ్ఞకి ఆయన చెప్పిన అర్థం చంపకుండా ఊరుకోవడం కాదు. పొరుగువాడి ఒంటికి హాని చేయకపోవడం, ఆ పైన వాడి ఒంటికి వచ్చే ప్రతి అవసరంలో సహాయపడటం. ప్లేట్‌లెట్లు ఒంటికి సంబంధించినవి కావంటారా?


నెల్లూరు బాప్టిస్టు | శనివారం, మధ్యాహ్నం 3:02

తమ్ముడూ, నరహత్య ఆరో ఆజ్ఞ కదా?


ట్యాంక్‌బండ్ విద్యార్థి | శనివారం, మధ్యాహ్నం 3:10

మీకు ఆరు, మాకూ కతోలికులకూ ఐదు అన్నా. విగ్రహాల మాటని మేము మొదటి ఆజ్ఞలో కలిపేస్తాం, చివర్లో ఆశించకూడదన్న దాన్ని రెండు చేస్తాం. మొత్తం పదే. మా హాస్టల్లో ఇద్దరు బాప్టిస్టులున్నారు, దీని మీద రాత్రి పదకొండు దాకా కొట్టుకుంటాం.


సంగారెడ్డి ఆటోవాలా | శనివారం, రాత్రి 9:30

అందరికి వందనాలు. నేను చిన్నప్పటి సంది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). పెండ్లయినంక భార్య తరఫు లూథరన్ల దిక్కు వచ్చిన. 1947ల ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వాళ్ళంత కలిసి సీఎస్‌ఐ అయితే లూథరన్లు ఎందుకు కలవలేదని మా తాత అడుగుతుండె, నాకు ఇప్పటికి జవాబు దొరకలే. గది వేరే కథ.

మీరు బయటికి పోయి సేవ చేస్తమంటున్నరు, మంచిదే. లోపల జర చూసుకోండి. నేను మొదట మీ సంఘానికి వచ్చినప్పుడు వాక్యం చదువుమని పిలిచిండ్రు. నా యాసకి వెనక కూసున్న పోరగాండ్లు కిసుక్కుమని నవ్విండ్రు. కోస్తా మాట్లాడకుంటె బైబిలు చదవరాదా? ఆరు నెలలు మళ్ళ మైకు ముందటికి పోలే. మా గుడి వెనకాల బస్తీ ఉన్నది, ఆడ మస్తు మంది ఇండ్లల్ల పని చేసేటోళ్ళు, మేస్త్రీలు. క్రిస్మస్‌కి వాళ్ళకి బిర్యానీ పంచుతరు. ఆరాధనకి వస్తె మాత్రం ఏ వరసల కూసోవాల్నో వాళ్ళకే తెలుస్తలేదు. సెంట్రింగ్ పని చేసే మనిషి ఒగడు మూడు ఆదివారాలు వచ్చిండు, చెప్పులు ఇడిసిన దగ్గరనే నిలబడ్డడు, ఎవ్వరు పేరు అడగలే. నాలుగోసారి రాలే.

నాకు తెలిసిన సేవ ఒకటే. ఆదివారం ఆటో కిరాయికి కట్ట. అల్వాల్ దిక్కు ఇద్దరు ముసలమ్మలు, కాళ్ళు రావు. వాళ్ళని ఎక్కించుకొని గుడికి, మళ్ళ ఇంటికి. ప్రభు భోజనం నాడు అయ్యగారు మెట్లు దిగి వాళ్ళ దగ్గరికే రొట్టె పట్టుకొస్తడు. దీనికి కమిటీ అవసరం పడలే.


పేరు వద్దు | శనివారం, రాత్రి 11:48

నాకు తోచింది రాస్తాను, ఎవరూ వివరాలు అడగొద్దు.

నా భర్త పోయిన ఏడాది మేమున్న సంఘంలో (ఇప్పుడున్నది కాదు) విధవరాండ్రకు సహాయం అని వేదిక మీదకి పిలిచారు. మైకులో పేరు, ఇంటి పేరు చదివారు. పది కిలోల బియ్యం, ఒక చీర. ఇచ్చేవాళ్ళు ఆరుగురు, ఆరుగురూ ఆ సంచి మీద చెయ్యి వేసి ఫొటో దిగారు. ఆ ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టారు. మా అమ్మాయి క్లాసులో ఒకమ్మాయి చూపించిందట. మా అమ్మాయి ఆ బియ్యం వండితే తినలేదు, నేనేం అనలేకపోయాను.

ఆ నెలలో నాకు కావాల్సింది బియ్యం కాదు. ఆయన పీఎఫ్ కాగితాలు ఎవరన్నా చూసి పెట్టడం.


లెక్కల మాస్టారు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఆరాధన నుంచి ఇప్పుడే వచ్చాను. పైన అమ్మగారు రాసింది చదివాక ఫొటోల గురించి ఇక చర్చ అక్కర్లేదనుకుంటా.

నేను ఇరవై ఏళ్ళకు పైగా కోశాధికారిని, కాబట్టి డబ్బు మాటే మాట్లాడతాను. ఆ నాలుగు తాళాల పెట్టె నాకు తెగ నచ్చింది. ఈ రోజుల్లో మన సంఘాల పెట్టెకి తాళం ఎక్కడుంది? గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది, స్కాన్ చేస్తే సంఘం పేరు రాదు, ఎవరో పెద్దాయన పేరు వస్తుంది. ఆయన నిజాయితీపరుడే, ఒక్క రూపాయి తినడు. కానీ ఆయన ఇంటి ఈఎంఐ కూడా అదే ఖాతాలోంచి పోతుంది, మార్చిలో లెక్క చెప్పమంటే ఏది కానుకో ఏది జీతమో ఆయనకే తెలీదు. రేపు ఆయనకేమన్నా అయితే ఆ డబ్బు వారసులది. సంఘం పేరున ఖాతా, ఇద్దరి సంతకం, అందులో ఒకరు స్త్రీల సమాజం నుంచి. యూపీఐ ఆ ఖాతాకే. నెలకోసారి గోడ మీద ఒక కాగితం: వచ్చింది, పోయింది, మిగిలింది. తీసుకున్నవాళ్ళ పేర్లు మాత్రం ఆ కాగితం మీద ఉండకూడదు. పేర్లుండే పుస్తకం వేరే, అది అయ్యగారు, కన్వీనర్, ఇంకొకరు తప్ప ఎవరూ తెరవరు.

డబ్బు ఎక్కడ్నుంచి అంటారా, కోత పండుగ చేయండి. హైదరాబాదులో కోతలెక్కడివి అని నవ్వకండి. మా దగ్గర కుండీలో కాసిన వంకాయలు, ఇంట్లో పెట్టిన గోంగూర పచ్చడి, పిల్లలు చేసిన కేక్ తెస్తారు. పోయినసారి ఒక బూడిద గుమ్మడికాయని వేలంలో పాడుకున్నాయన మళ్ళీ గుడికే ఇచ్చేశాడు, రెండోసారి పాడారు, ఆయనా ఇచ్చేశాడు. ఆ కాయ మీద వచ్చినంత డబ్బు మా కానుక కవర్ల మీద కూడా రాలేదు. చివరికి మా ఆవిడ దాన్ని వడియాలు పెట్టింది, అదీ వేలం వేద్దామన్నారు కానీ నేను ఒప్పుకోలేదు.


ఉప్పల్ ఉదయ్ | ఆదివారం, సాయంత్రం 6:20

మరణ సహాయ నిధి ఎవరూ ఎత్తలేదేం? వలస వచ్చిన సంఘాలకి అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే అంటాను.

ఊళ్ళో అయితే మనిషి పోతే చెప్పక్కర్లేదు, జనం వచ్చేస్తారు, గొయ్యి తవ్వేవాళ్ళు తవ్వుతారు. ఇక్కడ మూడో అంతస్తు ఫ్లాట్‌లో తెల్లారుజామున మూడింటికి పోతే ఏం చేయాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. ఫ్రీజర్ పెట్టె ఎవరిస్తారు? అది లిఫ్టులో పడుతుందా? అపార్ట్‌మెంటు అసోసియేషన్ వాళ్ళు కింద సెల్లార్‌లో పెట్టనిస్తారా? డాక్టర్ సర్టిఫికెట్ లేకపోతే తర్వాత ఏమవుతుంది? సమాధుల తోటలో చోటు ఈ నగరంలో దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు, పాత కుటుంబ సమాధి ఉంటే సరే, లేకపోతే సొంతూరు తీసుకెళ్ళాలి. విజయవాడ రోడ్డు మీద అంబులెన్స్ కిరాయి బేరం ఆ సమయంలో కొడుకు చేయగలడా?

మా సంఘంలో ఇద్దరు మనుషుల ఫోన్ నంబర్లు అందరి ఇళ్ళల్లో ఫ్రిజ్ తలుపు మీద అతికించి ఉంటాయి. ఒకరు ఎత్తకపోతే రెండోవారు. వాళ్ళు వస్తారు, కాగితాలు, బండి, పెట్టె, తోట, అన్నీ వాళ్ళే మాట్లాడతారు. యూత్ కుర్చీలు దించుతారు. ఆడవాళ్ళు ఫ్లాస్కుల్లో టీ తెస్తారు, తెల్లార్లూ కీర్తనలు పాడతారు. నెలకి ఇంటికింత అని చిన్న చందా, ఆ ఇంటివాళ్ళు ఆ రోజు జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. మూడో రోజు ఆదరణ కూడిక భోజనం కూడా నిధిలోంచే, అన్నం, పప్పు, ఒక కూర, పెరుగు. అంతకు మించి పెట్టకూడదని తీర్మానం చేసుకున్నాం, ఎందుకంటే ఉన్నవాళ్ళింట్లో చికెన్ పెడితే లేనివాళ్ళు అప్పు చేసి పెట్టారు.


నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 8:00

సినడ్ (సంఘాల పాలక సభ) ఎన్నికల మీద, మిషన్ ఆస్తుల కోర్టు కేసుల మీద పెట్టిన తొమ్మిది పోస్టులు తీసేశాను. వాటికి వేరే చర్చలున్నాయి, చాలానే ఉన్నాయి.


డిగ్రీ మూడో ఏడు | ఆదివారం, రాత్రి 9:10

అంకుల్స్, ఆంటీస్, ఒక మాట. మా సండే స్కూల్లో పదో తరగతి, ఇంటర్ పిల్లలకి బీసీ-సీ సర్టిఫికెట్ అంటే ఏంటో తెలీదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలకి ఆ గ్రూపు కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకి ఎస్సీ హోదా రాదు, అది న్యాయమా కాదా అన్నది పెద్దవాళ్ళ కేసు, నాకు అంత తెలీదు. కానీ ఉన్న ఆ ఒక్క శాతం కూడా కాగితం చేతిలో లేక పోగొట్టుకుంటున్నారు. కౌన్సెలింగ్ వారం ముందు మీసేవకి పరిగెత్తితే అవదు, తహసీల్దారు ఆఫీసులో విచారణ ఉంటుంది, బాప్తిస్మం సర్టిఫికెట్, స్కూలు కాగితాలు అడుగుతారు. కన్ఫర్మేషన్ అయిన వేసవిలోనే పిల్లలందరి కాగితాలు వరసగా చేయిస్తే సరిపోతుంది. పేరు వద్దు ఆంటీ గారు రాసిన పీఎఫ్ కూడా ఇలాంటిదే కదా. ఆదివారం ఆరాధన తర్వాత ఒక బల్ల, ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్. నేను కూర్చుంటా.


కృప మాత్రమే | సోమవారం, ఉదయం 7:30

విద్యార్థి తమ్ముడి చరిత్ర పాఠం చదివాను. లైస్నిగ్ సంగతి నాకు తెలీదు, బాగుంది. అయినా నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. ఆ పెట్టె గుళ్ళో ఉంది, పక్కన ఆఫీసు పెట్టలేదు. ఆదివారం వాక్యం లేకుండా ల్యాప్‌టాప్ బల్ల ఒక్కటే ఉంటే దాన్ని మీసేవ అంటారు, సంఘం అనరు. ఆరాధన అయ్యాకే అన్నారు కాబట్టి ఊరుకుంటున్నా. పీఎఫ్ కాగితాలు నేను చూడగలను, ఆ ఆఫీసులోనే పాతికేళ్ళు చేశాను.


గుంటూరు మామ్మ | సోమవారం, ఉదయం 9:45

కృప నాయనా, నేను పుట్టింది గుంటూరులో కుగ్లర్ అమ్మగారి ఆసుపత్రిలో. ఆవిడ 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టరమ్మ. 1898లో ఆసుపత్రి తెరిచింది. గుంటూరులో మన మిషన్ మొదలైంది హయ్యర్ అయ్యగారు 1842లో వచ్చినప్పుడు. ఆయన బడి పెట్టాడు, ఈవిడ పురుళ్ళు పోసింది, ఇద్దరినీ సువార్త పని అనే అనేవాళ్ళం మేము. ఆ రెంటికీ మధ్య గోడ ఉన్నట్టు నాకు ఎప్పుడూ తెలీదు.

నీ పీఎఫ్ సంగతి చాలా సంతోషం.


రాత్రి డ్యూటీ | సోమవారం, మధ్యాహ్నం 12:30

ఒక హెచ్చరిక. పేర్లన్నీ మొదటి నెలలోనే వాడేయకండి. కొత్తలో అందరూ ఉత్సాహంగా ఇస్తారు, తర్వాత అవసరం వచ్చేసరికి ఎవరికీ మూడు నెలలు పూర్తవవు. గ్రూపుల వారీగా విడగొట్టండి, ఓ నెగెటివ్ వాళ్ళని చివరి దాకా దాచుకోండి. కొత్తగా టాటూ వేయించుకున్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు కొన్నాళ్ళు పనికిరారు, ముందే అడగండి. తెలిసిన బ్లడ్ బ్యాంకు వాళ్ళతో ఒకసారి మాట్లాడుకుంటే వాళ్ళే ఆదివారం వచ్చి అందరి గ్రూపులు చూసి పోతారు.

ఇంకోటి, ఎవరికి ఇచ్చామో తెలుసుకోవాలని పట్టుబట్టకండి. మా వార్డు బయట ఒకాయన రక్తం ఇచ్చి, అది ఎక్కించేది వేరే మతం వాళ్ళకని తెలిసి మొహం మాడ్చుకున్నాడు. వీళ్ళనేం చేయాలో నాకు తెలీదు.


కూకట్‌పల్లి కన్వీనర్ | బుధవారం, రాత్రి 11:20

అందరికీ వందనాలు. నిన్న రాత్రి కమిటీ కూర్చుంది. రెండున్నర గంటలు, మూడుసార్లు టీ.

దుప్పట్లు పూర్తిగా పోలేదు. పెద్దలు ఒప్పుకోలేదు, గుంటూరు మామ్మగారి మొదటి పోస్టు చదివి వినిపించి మరీ నెగ్గారు (రెండో పోస్టు నేను చదివాను). సగం డబ్బు దుప్పట్లకి, ఫొటోలు లేకుండా. సగం మరణ నిధికి మొదటి జమ. కీబోర్డు కోత పండుగ దాకా ఆగాలి. యూత్ అలిగారు.

రక్తం వరుసకి మొదటి రోజే ముప్ఫై పేర్లు దాటాయి. విడగొట్టాక వారానికి ఇద్దరు. నా పేరు జనవరి మూడో వారంలో పడింది. ఆసుపత్రి లైన్లో నిలబడటానికి రిటైరైన ఆర్టీసీ కండక్టర్ గారు ఒకరు ముందుకొచ్చారు, లైన్లంటే ఆయనకి తెలిసినంత మనకెవరికీ తెలీదు. మంగళవారం, శుక్రవారం వెళ్తారు, బస్ పాస్ ఉంది కాబట్టి ఖర్చు లేదన్నారు. క్యూఆర్ కోడ్ పీకేశాం, సంఘం ఖాతాకి బ్యాంకు వాళ్ళు తీర్మానం కాపీ అడుగుతున్నారు.

ఆటోవాలా అన్నా, మీ మాటల మీద చర్చ ఇబ్బందిగా నడిచింది. నవ్వేవాళ్ళు మా దగ్గర లేరని ఒకాయన అన్నారు, వెనక వరసలో కూర్చునే ఒక అక్క ఉన్నారని చెప్పింది. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ప్రతి ఆదివారం ఇద్దరు నిలబడి కొత్తవాళ్ళ పేరు అడగాలని మాత్రం రాసుకున్నాం. వాక్యం చదివే వరుస కూడా మారుస్తున్నాం.


సంగారెడ్డి ఆటోవాలా | గురువారం, ఉదయం 6:05

పేరు అడుగుడు కాదన్నా, వచ్చే వారం దాకా యాది పెట్టుకోండి. రెండో ఆదివారం మళ్ళ అదే పేరు అడిగితె ఇంక గలీజుగుంటది.


లెక్కల మాస్టారు | గురువారం, ఉదయం 7:40

బ్యాంకుకి తీర్మానం కాపీ మీద అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరి సంతకం, సంఘం ముద్ర ఉండాలి, ముద్ర లేదని మమ్మల్ని రెండుసార్లు తిప్పారు. ముందే చేయించుకోండి, కోఠీలో ఒక్క పూటలో చేసిస్తారు.


ఉప్పల్ ఉదయ్ | గురువారం, ఉదయం 8:15

కన్వీనర్ గారూ, మరణ నిధికి మేం రాసుకున్న నియమాలు టైపు చేసి రేపు రాత్రి ఇక్కడ పెడతా. చందా ఆరు నెలలు కట్టనివాళ్ళింట్లో ఎవరన్నా పోతే ఏం చేయాలన్న దగ్గర మాకే ఇంకా తేలలేదు, అది మీరు తేలిస్తే మాకూ చెప్పండి.